మునిరత్నం ఇంటి సారె

చిత్తూరు బెల్లం మండీలో కాటా దగ్గర పనిచేసే మునిరత్నం చనిపోయినాక, సంతపేటలోని ఆ రెండు గదుల ఇంటికి మొదట దూరమైనవి చీమలు. ఆయన బతికినన్నాళ్ళూ చొక్కా విప్పి కొక్కేనికి తగిలిస్తే చాలు, గోడ వెంట బారు కట్టేవి. బెల్లం పొడి ఆయన చొక్కా మడతల్లో, చెవుల వెనక, చెప్పుల సందుల్లో కూడా ఉండేది. పంకజాక్షి రోజూ ఆ చీమల్ని తిట్టుకుంటూ ఊడ్చేది. ఆయన పోయినాక అవి కొంచెం కొంచెంగా తగ్గిపోయి, ఒక పొద్దున గోడ ఖాళీగా కనిపించింది. ఆమె చీపురు పట్టుకుని ఆ గోడ ముందర చాలాసేపు నిలబడింది. ఊడ్చడానికి ఏమీ లేదు.

పంకజాక్షి అయిదో తరగతితో బడి మానిన మనిషి. నోట్లో నాలుక లేదని వీధిలో పేరు. పెళ్ళయి ఆ ఇంట్లో అడుగుపెట్టేసరికి అత్త లేదు. మొగుడి చెల్లెలు భారతమ్మ మూడో తరగతి చదువుతూ ఉండేది. ఆ పిల్లకు తలంటడం, జడ వేయడం, సద్ది కట్టడం అన్నీ కొత్త కోడలి మీదనే పడ్డాయి. భారతమ్మ పెద్దమనిషి అయినప్పుడు పక్కన పడుకున్నది పంకజాక్షే. పలమనేరులో ఆవులు మేపుకునే ఇంటికి ఆ పిల్లను ఇచ్చి పంపేటప్పుడు బస్టాండులో కళ్ళు వాచేట్టు ఏడ్చిందీ ఆమే. తనకు పిల్లలు కలగలేదని కాదు, నిలవలేదు. ఎవరైనా ఆ మాట ఎత్తితే మునిరత్నం, మా చెల్లెలి కూతురు నవీన ఉండాది గదప్పా, అని నవ్వి తేల్చేసేవాడు. వేసవి వస్తే నవీన నెలంతా చిత్తూరులోనే ఉండేది. మామ భుజమెక్కి మండీకి పోయి, అచ్చు బెల్లం విరుచుకుని తింటూ వచ్చేది.

అట్లాంటి మనిషి మాఘమాసంలో ఒక మధ్యాహ్నం మండీలోనే, బెల్లం మూటలకు ఆనుకుని కూర్చున్నవాడు కూర్చున్నట్టే పోయాడు. గుండె ఆగిందన్నారు.

ఆ తర్వాతి నెలల్లో పంకజాక్షికి తెలిసివచ్చిన సంగతి ఏమంటే, ఏడాది మైలలో ఉన్న ఆడదానికి ఎవరూ ఏమీ అనరు. అనకుండానే పక్కకు జరుగుతారు. ఎదురుగా వస్తున్న పెళ్ళికూతురి తల్లి చీర కుచ్చిళ్ళు సర్దుకుంటున్నట్టు ఆగిపోతుంది. ఒకరోజు జాకెట్టు గుడ్డ కోసం పొద్దున్నే బజారుకు పోతే, ఎన్నో ఏళ్ళుగా తెలిసిన అంగడాయన లేచి నిలబడి, చాలా మర్యాదగా, ఇంకా బోణీ కాలేదు తల్లీ, కాసేపాగి వస్తావా, అన్నాడు. ఆయన మొహంలో కోపం లేదు, ఎగతాళి లేదు. ఆమె కూడా సరేనన్నా అని తిరిగి వచ్చేసింది. ఆ పగలు మళ్ళీ పోలేదు. ఆ తర్వాత బజారుకే పోలేదు. కూరగాయలు బండి మీద వస్తాయి. మిగిలినవి లేకపోయినా జరుగుతాయి.

ఎండాకాలం మొదట్లో భారతమ్మ ఫోన్ చేసింది. నవీన పెద్దమనిషి అయింది. వైశాఖంలో ఫంక్షను పెట్టుకున్నారు.

మేనమామ లేకుండా ఆ వేడుక లేదు. పచ్చి కొబ్బరి మట్టలతో ఆడపిల్లకు గుడిసె కట్టేది మేనమామ. ఆ పొద్దున పిల్ల తలస్నానం చేసి కట్టుకునే పావడా ఓణీ, తట్టల్లో సారె, అన్నీ మేనమామ ఇంటి నుంచే రావాలి. ఆ గుడ్డలు ఎవరు పెడితే ఇక ఆ పిల్ల పెళ్ళికీ, కాన్పుకీ వాళ్ళే మామ వరస. భారతమ్మ నసుగుతూ అసలు సంగతి చెప్పింది. అన్న లేడు గనుక, పెదనాయన కొడుకు మునికుమార్‌తో అన్నీ చేయించమని ఆమె అత్త సంతోషమ్మ పట్టుబడుతోంది. మునికుమార్ మంచివాడే. కాకపోతే మునిరత్నం బతికినన్నాళ్ళు ఆ పిల్లకు పలక కూడా కొనిచ్చిన మనిషి కాదు.

పంకజాక్షి మెల్లగా అంది. "గుడిసె మునికుమార్నే కట్టనీ భారతీ. గుడ్డలు మాత్రం మీ అన్నవి వస్తాయి. ముందర అవే కట్టు బిడ్డకు."

"నువ్వు..." అని ఆగింది భారతమ్మ.

"నేను రాను లే. నా చెయ్యి కూడా తగలదు. నేరుగా మీ ఇంటికే వస్తాయి."

అవతల భారతమ్మ ఏడవడం వినిపించింది. సరే వదినా అయితే, మునికుమారన్నతో నేను చెప్తాను, అంది. ఫోన్ పెట్టేసినాక గానీ పంకజాక్షికి తట్టలేదు, చెయ్యి తగలకుండా గుడ్డలు ఎట్లా పంపుతారని.

ఎవరి చేతనైనా కొనిపించి పంపచ్చు. కానీ కొన్నవాళ్ళు ఇంటికి తెచ్చి చూపించకుండా ఉండరు. చూస్తే ముట్టుకోకుండా ఉండలేనని ఆమెకు తెలుసు. పైగా పలమనేరులో సంతోషమ్మ తట్ట మీది గుడ్డ తీసేటప్పుడు, ఇది ఎవరి చేతుల మీదుగా వచ్చిందే, అని అడగకుండా ఉండదు.

దారి చూపించింది మేడ మీద అద్దెకుండే భానుశ్రీ. ఒక ప్రైవేటు బడిలో పిల్లలకు కంప్యూటర్ నేర్పే పని ఆమెది. ఇంట్లో కూడా వాయిదాల మీద ఒక కంప్యూటర్ కొనుక్కున్నారు. భానుశ్రీకి ఎక్కడ తగ్గింపు అన్నా అక్కడికి మనసు పోతుంది. సగానికి సగం ధరకు అన్నీ అమ్ముతున్న ఒక వెబ్‌సైటును కొత్తగా కనిపెట్టి, తనకొక కుక్కరు చూసుకుంటూ ఉంది. పంకజాక్షి కష్టం విని, అంతేనా పిన్నమ్మా, అని నవ్వింది. ఇందులో డబ్బు కడితే వాళ్ళే రంగు కాగితం చుట్టి, రిబ్బను కట్టి, మనం చెప్పిన ఇంటికి చేరుస్తారంది. మనం చూసేది బొమ్మనే గానీ వస్తువును కాదంది.

పంకజాక్షి ఆ మాట దగ్గరే ఆగిపోయింది. బొట్టు ఉందా లేదా అని చూడని అంగడి. బోణీ అయిందా లేదా అని ఎంచని అంగడి. పొద్దున్నే పోయినా, శుక్రవారం పోయినా లేచి నిలబడని అంగడి. లోకంలో అట్లాంటిది ఒకటి ఉంటుందని ఆమె అనుకోలేదు.

ఇద్దరూ కంప్యూటర్ ముందర కూర్చుని చూశారు. ఎన్నో పావడాలు, ఎన్నో ఓణీలు. భానుశ్రీ ఎర్రది బాగుందంటే పంకజాక్షి తల ఊపలేదు. చివరికి చిలకపచ్చ పావడా, దానికి వంకాయ రంగు అంచు, వంకాయ రంగు ఓణీ ఉన్నదాన్ని చూపించి ఇది అంది. మునిరత్నానికి చిలకపచ్చ అంటే ఇష్టం. ఆ తెర మీద మూలన గడియారం ఒకటి వెనక్కి తిరుగుతూ, ఈ ధర ఇంకాసేపే అని తొందరపెడుతోంది. భానుశ్రీ గబగబా టైపు చేస్తూ పలమనేరు అడ్రసు అడిగి రాసుకుంది. పంపేవాళ్ళ పేరేమి రాద్దాం పిన్నమ్మా, అంది.

"మునిరత్నం అని రాయి."

భానుశ్రీ వేళ్ళు ఆగాయి.

"మామ గుడ్డలు మామ పేరునే పోవాల గదమ్మా. నా పేరున పోతే ఇంక అంత యాతన ఎందుకు?"

అది నిజమే గదా అనిపించింది భానుశ్రీకి. ఆయన పేరే కొట్టింది. ఆ వెబ్‌సైటువాళ్ళు చెప్పిన బ్యాంకు ఖాతాలో ఇద్దరి డబ్బూ తనే కట్టి వచ్చింది.

రెండో రోజు సాయంత్రం భానుశ్రీ మెట్ల మీద నుంచే కేకేసింది, జాబొచ్చింది పిన్నమ్మా అని. కంప్యూటర్‌కు వచ్చే జాబు. ఇంగ్లీషులో ఉంటే తెలుగు చేసి చదివింది. 'ప్రియమైన మునిరత్నం గారూ, మీ ఆర్డరు మాకు అందింది. మా కుటుంబంలోకి మీకు స్వాగతం. మీ వస్తువు త్వరలో బయలుదేరుతుంది.'

పంకజాక్షి ఇంకోసారి చదవమంది. మూడు నెలలుగా ఆ పేరు వినిపించేది కరెంటాఫీసులోనూ రేషన్ అంగట్లోనూ మాత్రమే. అదీ కొట్టేయడానికి. వాళ్ళంతా చనిపోయిన మునిరత్నం అంటారు, లేకపోతే మీ ఆయన అని గొంతు తగ్గిస్తారు. ఈ జాబులో మాత్రం ఆయన ఎక్కడో కుర్చీలో కాలు మీద కాలు వేసుకుని కూర్చున్నట్టుంది. వాళ్ళు ఆయనకు స్వాగతం చెప్తున్నారు. కిందికి దిగి వచ్చి, దీపం పెట్టి, ఆ మాటలే మనసులో తిప్పుకుంటూ కూర్చుంది.

ఆ తర్వాత సాయంత్రం వేళల్లో మేడ మెట్లెక్కడం ఆమెకు అలవాటైంది. ఆయనకు ఏమైనా జాబులొచ్చినాయామ్మా, అని అడిగేది. వచ్చేవి. మునిరత్నం గారూ, ఈ వారం గోడ గడియారాల మీద తగ్గింపు. మునిరత్నం గారూ, మీ శ్రీమతికి ఈ నెక్లెసు కానుకగా ఇవ్వండి. భానుశ్రీ నెక్లెసు జాబును చదవకుండా దాటేయబోతే, చదువమ్మా పరవాలేదు, అంది. విని, ఆయనకెప్పుడూ అట్లాంటివి తోచలేదు లే, అని చిన్నగా నవ్వింది. ఆయన పోయినాక ఆమె నవ్వడం భానుశ్రీ చూసింది అదే మొదటిసారి.

ఫంక్షను రోజు వచ్చింది. పంకజాక్షి తెల్లవారకముందే లేచి తలస్నానం చేసింది. ఎందుకు చేసిందో ఆమెకే తెలియదు. మైల ఇంట్లో ముగ్గు వేయకూడదు, తీపి చేయకూడదు. వాకిలి ఊడ్చి నీళ్ళు చల్లి ఊరుకుంది. ముహూర్తం వేళకు గోడకు ఆనుకుని కూర్చుని కళ్ళు మూసుకుంది. ఇప్పుడు నీళ్ళు పోస్తూ ఉంటారు. ఇప్పుడు రిబ్బను విప్పుతూ ఉంటారు. సంతోషమ్మ గుడ్డ అంచు వేలితో నలిపి చూస్తూ ఉంటుంది, బాగుంటే ఏమీ అనదు, అదే ఆమె మెచ్చుకోలు. చిలకపచ్చ పావడాలో పిల్ల గుడిసెలోకి వంగి పోతూ ఉంటుంది. మునిరత్నం సెల్‌ఫోను బియ్యం డ్రమ్ము మీద పెట్టుకుంది. మధ్యాహ్నం దాటింది. భోజనాల హడావిడి అనుకుంది. పొద్దు వాలింది. చుట్టాలను సాగనంపుతూ ఉంటారనుకుంది. ఫోన్ మోగలేదు.

మరుసటి రోజూ మోగలేదు. ఆ వారమూ మోగలేదు.

పెట్టినవాళ్ళు నోరు విడిచి అందిందా అని అడిగితే, పెట్టింది ఎత్తిచూపినట్టు. పుచ్చుకున్నవాళ్ళు చెప్పాలి. చెప్పలేదంటే నచ్చలేదు. రంగు నప్పలేదేమో, కొలత చాలలేదేమో, పచ్చ రంగు శుభానికి బాగుండదని సంతోషమ్మ ఏమైనా అన్నదేమో. పంకజాక్షి వంట చేస్తూ, గిన్నెలు తోముతూ ఇవే తలపోసుకుంది. రానే రాలేదేమోనన్న ఆలోచన మాత్రం ఆమె దరిదాపులకు కూడా రాలేదు. అంత మర్యాదగా జాబులు రాసేవాళ్ళు మోసం చేస్తారని ఎట్లా అనుకుంటుంది?

ఒక ఆదివారం భానుశ్రీ విసవిసా దిగి వచ్చింది. నా కుక్కరు ఇంతవరకూ రాలేదు పిన్నమ్మా, మీ గుడ్డలు అందినాయా, అంది.

పంకజాక్షి చేతిలోని చేట కింద పెట్టి, ఏమోనమ్మా, వాళ్ళేమీ చెప్పలేదు, అంది.

భానుశ్రీ ఊరుకునే రకం కాదు. వెబ్‌సైటులో ఉన్న నంబరుకు ఫోన్ కొట్టింది. చాలాసేపు పాట వినిపించి, ఒకమ్మాయి హిందీలో ఎత్తుకుంది. భానుశ్రీ వచ్చీరాని హిందీలో గొడవ పడింది. ఫోన్ చేత్తో మూసి, కుక్కరు సంగతి రేపు చెప్తుందంట, మీదాని సంగతి మాత్రం ఆర్డరు పెట్టిన మనిషికే చెప్తారంట, అంది. ఆయన్ని పిలవమంటా ఉండాది పిన్నమ్మా.

"ఎవర్ని?"

"మునిరత్నం గారిని."

భానుశ్రీ చెయ్యి తీసి ఫోన్లో, ఆయన ఊర్లో లేరు అనేసింది. సరే, వచ్చినాక చేయమనండి, అని ఆ అమ్మాయి చాలా మెత్తగా చెప్పి పెట్టేసింది. మళ్ళీ చేస్తే మళ్ళీ అదే మాట. కొన్నాళ్ళకు ఆ నంబరు పలకడమే మానేసింది. వాళ్ళ అడ్రసు ఢిల్లీలో ఉంటే, భానుశ్రీ మొగుడు అక్కడున్న స్నేహితుడి చేత వాకబు చేయించాడు. ఆ ఇంటి నంబరు గల చోట ఒక పాల బూతు ఉందట. పాలవాడు, ఇట్లా వెతుక్కుంటూ వచ్చినవాళ్ళలో నువ్వు మూడోవాడివి అన్నాడట.

భానుశ్రీ మొగుడితో కలిసి పోలీసు స్టేషనుకు కూడా పోయింది. అక్కడ జరిగింది వచ్చి చెప్తూ తనే నవ్వింది, తనే కళ్ళు తుడుచుకుంది. రైటరు అంగడి యాడుండాది అని అడిగాడట. కంప్యూటర్లో సార్ అంటే, అయితే కంప్యూటర్ను పట్టుకరాపొండి, లోపలేస్తాం, అన్నాడట. తర్వాత కుర్చీ వేసి, కుక్కరుకు మీరు రాసియ్యండమ్మా, గుడ్డలకు మాత్రం ఎవరి పేరున కొన్నారో ఆయన వచ్చి సంతకం పెట్టాలన్నాడట. లేదంటే ఆయన లేడన్న సర్టిఫికెట్టు, ఆయనకు మీరేమవుతారన్న సర్టిఫికెట్టు తేవాలన్నాడట.

వద్దులే అమ్మా, అంది పంకజాక్షి. ఆ చవక అంగడివాళ్ళకు ఆయన ఇంకా ఉన్నాడు. సర్టిఫికెట్టు తీసుకుపోయి వాళ్ళకు కూడా లేడని చెప్పడానికి ఆమెకు మనసు రాలేదు. డబ్బు పోతే పోయింది. ఆమెను నిద్రపోనివ్వనిది వేరే సంగతి. ఫంక్షను పొద్దున పలమనేరులో ఏం జరిగి ఉంటుంది?

ఆ సాయంత్రం ధైర్యం చేసి ఫోన్ చేసింది. నవీన ఎత్తింది.

బడి తెరిచినారా, బాగా తింటా ఉండావా, అని చుట్టూ తిరిగి, చివరికి అడిగింది. "ఆ పొద్దు ఏం గుడ్డలు కట్టినారు బిడ్డా నీకు?"

"మునికుమార్ మామోళ్ళు తెచ్చినవి. ఎర్రవి." తర్వాత గొంతు తగ్గించింది. "అత్తా, నేను చెప్పినానని అమ్మతో అనొద్దు. మామ గుడ్డలు వస్తాయి వస్తాయి అని అమ్మ వాకిట్లోనే నిలబడింది. నన్ను తడి గుడ్డలతోనే కూర్చోబెట్టింది. అవ్వ తిట్టింది. నాకు చలేసింది అత్తా."

ఉండావా అత్తా, ఉండావా, అని పిల్ల రెండుసార్లు అడిగి పెట్టేసింది.

మరుసటి రోజు ఆమె తల దువ్వుకుని, తెల్లంచు చీర కట్టుకుని, ఇంటికి తాళం వేసింది. ఏడాది తీరకుండా ఆడబిడ్డ ఇంటి గడప తొక్కకూడదని తెలుసు. పండ్లో పూలో పట్టుకుపోదామా అనుకుంది. ఇప్పుడు ఏం పట్టుకుపోయినా తప్పు కప్పుకోవడానికి తెచ్చినట్టే ఉంటుంది. ఆ ఇంటికి ఆమె ఉత్త చేతులతో పోవడం అదే మొదలు. బస్సు ఘాటు ఎక్కి పలమనేరు చేరేసరికి గాలి చల్లబడింది. ఎండాకాలంలో ఈ చలవ కోసమే మునిరత్నం ఆదివారం ఆదివారం చెల్లెలి ఇంటికి బయల్దేరేవాడు.

వాకిట్లో మంచం మీద సంతోషమ్మ చింతపండు గింజ తీస్తూ ఉంది. పంకజాక్షిని చూసి కళ్ళు చిట్లించింది. ఎవరో అనుకుంటిని, అంది. రమ్మనలేదు, పొమ్మనలేదు. భారతి కొట్టంలో ఉండాది, అట్ల పక్కసందులో పో, అని ఇంటి చుట్టూ చేత్తో దారి చూపించింది. ఇంట్లోంచి పోతే నాలుగడుగులు. పంకజాక్షి సందులోంచే పోయింది.

భారతమ్మ ఆవు కింద కూర్చుని పాలు పిండుతూ ఉంది. అడుగుల చప్పుడుకు తల తిప్పి చూసి, మళ్ళీ తిప్పేసుకుంది. కూర్చో వదినా, అంది. గడ్డిమోపు మీద కూర్చుంది పంకజాక్షి. బిందెలో పాల ధార సర్రు సర్రుమని పడుతూ ఉంది.

పంకజాక్షి చెప్పడం మొదలుపెట్టింది. ఇంత పొడుగు మాట ఆమె ఎప్పుడూ ఎవరితోనూ మాట్లాడి ఎరగదు. కంప్యూటర్ సంగతి, బొమ్మలో చూసిన చిలకపచ్చ పావడా, వంకాయ రంగు అంచు, వెనక్కి తిరిగే గడియారం, ఢిల్లీలో పాల బూతు. చెప్పేకొద్దీ తన మాటలు తనకే కట్టుకథలాగా వినిపించాయి.

వెనక వాకిలి దగ్గర సంతోషమ్మ ఎప్పుడు వచ్చి నిలబడిందో. "కంప్యూటర్లో గుడ్డలు అమ్ముతారా ఎవురైనా? అబద్దం సెప్పినా అతికినట్టుండాల."

భారతమ్మ పాలు పిండుతూనే అంది. "ఆ పొద్దు అందరూ నవ్వినారు వదినా. అయ్యవారు పొద్దు మించిపోతా ఉండాదన్నాడు. మా అన్న గుడ్డలు వస్తా ఉండాయి, ఇంకొంచేపు ఆగండి సామీ అంటిని. మోటర్‌సైకిల్ సద్దయితే చాలు, రోడ్డు దాకా పరిగెత్తినాను. మునికుమారన్న పెండ్లాం సంచిలోంచి గుడ్డలు తీసి, పోనీలే భారతీ మేం తెచ్చినాం గదా, అన్నది. తెచ్చుకోవద్దని చెప్పినా తెచ్చుకున్నారు. మా అన్నవి రావని వాళ్ళకు ముందే తెలుసు."

"వస్తాయనే అనుకున్నాను భారతీ. మీ అన్న పేరుతోనే పంపినాను."

పాల ధార ఆగింది. "ఎవరి పేరుతో?"

"మీ అన్న పేరుతో. మామ గుడ్డలు గదా అని. వాళ్ళు ఇప్పటికీ ఆయనకు జాబులు రాస్తానే ఉండారు. ప్రియమైన మునిరత్నం గారూ, అని."

భారతమ్మ నుదురు ఆవు డొక్కకు ఆనించి కళ్ళు మూసుకుంది. ఆవు తోక విసిరినా కదల్లేదు. సంతోషమ్మ నిలబడి చూసి లోపలికి పోయింది.

"నువ్వే తెచ్చింటే ఏమి వదినా?" అంది భారతమ్మ చివరికి, తల ఎత్తకుండానే.

"నా చేత్తోనా?"

"ఆ చేత్తోనే గదా నాకు తలకు పోసింది. ఆ చేత్తోనే గదా నాకు ముద్ద పెట్టింది. నేను వద్దంటానని నువ్వే అనుకున్నావు. నన్నొక మాట అడగనే లేదు."

పంకజాక్షి తన చేతుల్ని చూసుకుంది. ఆ రోజు ఫోన్లో 'నువ్వు' అని ఆగిపోయిన గొంతు ఆమెకు ఇంకా గుర్తుంది. అడిగి ఉంటే భారతమ్మ ఏమని ఉండేదో, అత్త ముందర ఆ మాట మీద నిలబడి ఉండేదో లేదో, ఇప్పుడు ఇద్దరికీ తెలియదు. అడగలేదన్నది మాత్రం నిజం.

"ఇంగ మునికుమారన్నే," అంది భారతమ్మ బిందె పక్కకు జరుపుతూ. "బిడ్డ పెండ్లికి కూడా ఆయనే నిలబడతాడు. గుడ్డలు పెట్టినోడిదే వరస. నేను మార్చలేను."

తల ఊపింది పంకజాక్షి. ఈ మాట వినడానికే వచ్చిందేమో తను.

బడి నుంచి నవీన వచ్చింది. సంచి భుజాన ఉండగానే సందులోంచి పరిగెత్తి వచ్చి, అత్తా అని మొహం నిండా నవ్వి, అంతలో ఎవరో చెప్పింది గుర్తొచ్చినట్టు రెండడుగుల దూరంలో ఆగిపోయింది. పిల్ల పొడుగైంది. గాజులు వేసుకుంది. ఎప్పుడొచ్చినావని అడిగింది. మామ ఫోను నీ దగ్గరే ఉండాదా అని అడిగింది. తర్వాత, "ఈ పొద్దు ఈడనే పండుకుంటావా అత్తా?" అంది.

పంకజాక్షి భారతమ్మ వైపు చూసింది. భారతమ్మ బిందెలోకి చూస్తూ, పాలలో పడిన గడ్డిపోచను వేలితో తీస్తూ ఉంది.

"లేదు బిడ్డా, బస్సుండాది."

లోపల నుంచి సంతోషమ్మ కేకేస్తే పిల్ల వెనక్కి చూస్తూ చూస్తూ పోయింది.

భారతమ్మ స్టీలు క్యాను కడిగి, వెచ్చటి పాలు నిండుగా పోసి మూత బిగించింది. ఇంత ఎందుకే అంటే వినలేదు. క్యాను తనే పట్టుకుని రోడ్డు దాకా వచ్చింది. అందరూ చూస్తూ ఉండగా చింతచెట్టు కింద ఇద్దరూ పక్కపక్కన నిలబడ్డారు. పాలకేంద్రానికి పోయేవాళ్ళు సైకిళ్ళ మీద పోతూ ఒకసారి చూసి పోయారు. చిత్తూరు బస్సు కనిపించగానే భారతమ్మ క్యాను ఆమె చేతికిచ్చింది. ఇచ్చిన చేతిని వెంటనే తీసుకోలేదు.

"ఏడాది తీరినాక రా వదినా. నువ్వే రా. ఏమీ పంపీయొద్దు."

కిటికీ పక్కన చోటు దొరికింది. బస్సు మొగిలి ఘాటు దిగుతూ ఉంటే చలవ తగ్గి, కింది నుంచి ఉక్క ఎదురుగా వచ్చింది. మలుపు మలుపుకూ క్యాను పక్కకు ఒరగబోతుంటే పంకజాక్షి రెండు చేతులతో ఒడిలో అదిమి పట్టుకుంది. మూత సందులోంచి కొంచెం కారి చీర తడిసింది. ఇంటికి పోగానే కాచాలి, ఈ ఎండకు నిలవవు, విరిగిపోతాయి అనుకుంది. తాగేవాళ్ళు ఎవరూ లేరు. అయినా కాచాలి.